చెవిలోని జల్లెడ

పిల్లలూ! మన పేటకు రెండు పేర్లున్నాయి. బస్సుల మీద, దుకాణాల మీద ఎక్కువగా కనిపించేది మౌంట్ రాస్కిల్. ఇక్కడి కొండను మావోరీలు తరతరాలుగా పిలుస్తున్న పేరు పుకెతాపప. పైభాగం బల్లపరుపుగా ఉన్న కొండ అని దానికి అర్థం చెబుతారు. ఈ రెండు పేర్లనూ మీ ఇంట్లో ఒక్కొక్కరి చేత పలికించి చూడండి.

మొదట గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వచ్చిన మీ అమ్మమ్మను గాని, తాతయ్యను గాని అడగండి. మొదటి పేరు వారి నోట ‘మౌంటు రాస్కిల్లు’ అవుతుంది. రెండవ పేరును ఒక్కసారి విన్నారంటే చాలు, తడుముకోకుండా ‘పుకెతాపప’ అనేస్తారు. తరువాత మీరు పలకండి. మొదటి పేరు మీకు మంచినీళ్ళు తాగినంత సులువు. రెండవ పేరులో మాత్రం ‘పు’ పక్కన ‘హు’ వంటి గాలి ఒకటి వచ్చి చేరుతుంది. ‘తా’ కాస్తా ‘టా’ వైపు జరుగుతుంది. బడిలో మావోరీ పాఠం శ్రద్ధగా విన్నవారికి ఈ మాట వర్తించదు లెండి.

ఇలా ఎందుకు జరుగుతుంది? ‘తాతయ్య నాలుక మందం’ అనీ, ‘మనవడికి నోరు తిరగదు’ అనీ తేలికగా అనేస్తూ ఉంటారు. నాలుకను నిందించి లాభం లేదు. ఏ దేశపు మనిషి నాలుకైనా పళ్ళను తాకగలదు, అంగిలిని తాకగలదు, వెనక్కు మడవగలదు. తేడా నాలుక కన్న ముందు చెవిలో ఉంది.

పుట్టిన బిడ్డకు ఏ భాషా రాదు. కాని ఏ భాషకైనా సిద్ధంగా ఉన్న చెవి ఉంటుంది. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞులు కెనడాలో చేసిన ఒక పరిశోధన ఫలితాలను ప్రకటించారు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు వారు ఒక శబ్దాన్ని మళ్ళీ మళ్ళీ వినిపించారు. నడుమ ఉన్నట్టుండి ఆ శబ్దం మారిపోతుంది. మార్పును పసిగట్టి బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ కనిపిస్తుంది. బొమ్మను చూడాలన్న ఆశతో బిడ్డలు చెవులు రిక్కించి వింటారన్నమాట. ఇంతకీ వినిపించిన శబ్దాలేవో తెలుసా? హిందీ నుంచి తీసుకొన్నవి. మన తెలుగులోనూ ఉన్న ‘త’, ‘ట’లే! ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో చాలామంది ఆ తేడాను గుర్తుపట్టారు. పది, పన్నెండు నెలల వయసు వచ్చేసరికి గుర్తుపట్టినవారు బహు కొద్దిమంది. అదే వయసులో, హిందీ మాట్లాడే ఇళ్ళలోని పిల్లలు మాత్రం ఇట్టే పట్టేశారు.

అంటే ఇంకా నడక సరిగా రాకముందే, ‘అమ్మ’ అనే మాట కూడా నిలకడగా రాకముందే, మన చెవి ఒక లెక్క వేసుకొంటుంది. మా ఇంట్లో ఈ తేడా అవసరం, దీన్ని పట్టుకోవాలి; ఆ తేడా అవసరం లేదు, దాన్ని వదిలేయాలి అని. ఇది నష్టంలాగా కనిపిస్తుంది గాని నిజానికి ఎంతో తెలివైన పని. చెవిలో పడిన ప్రతి చిన్న తేడాకూ ఆగి ఆలోచిస్తూ కూర్చుంటే బిడ్డకు ఏ భాషా రాదు.

రష్యాలో పుట్టి వియన్నా నగరంలో పాఠాలు చెప్పిన త్రుబెత్స్కోయ్ అనే భాషా శాస్త్రజ్ఞుడు దీనికి ఒక చక్కని ఉపమానం చెప్పాడు. ఆయన మరణించిన మరుసటి ఏడు, 1939లో, అచ్చయిన పుస్తకంలో మాతృభాషను ఆయన జల్లెడతో పోల్చాడు. జల్లెడ మీకు తెలుసు కదా! బొంబాయి రవ్వ జల్లించే జల్లెడ వేరు, పిండి జల్లించే జల్లెడ వేరు. ఏ జల్లెడ కన్నాలు ఎంత ఉంటే అంత మేరకే గింజలు కిందికి దిగుతాయి. పరభాష మాట చెవిలో పడినప్పుడు మనం దాన్ని ఉన్నదున్నట్టుగా వినం. మన భాష జల్లెడలో పోసి, కిందికి దిగినదాన్నే వింటాం. విన్నదాన్నే పలుకుతాం.

ఇప్పుడు ‘త’, ‘ట’ల సంగతి కాస్త నిదానంగా చూద్దాం. మన తరగతిలో అన్నిటికన్న ఎక్కువ తంటా తెచ్చేవి ఇవే. ‘త’ అనండి. నాలుక కొన పై పళ్ళ వెనుక భాగాన్ని తాకింది. అందుకే దీనిని దంత్యం అన్నారు. ‘ట’ అనండి. నాలుక కొన వెనక్కు మడిచి అంగిలిని తాకింది. ఇది మూర్ధన్యం. ఇక ఇంగ్లీషులో ‘టెన్’ అనండి. నాలుక పళ్ళనూ తాకలేదు, అంత వెనక్కూ పోలేదు. పళ్ళకు కాస్త పైన గట్టులాగా ఉన్న చిగురును తాకింది. మన రెండు ఇళ్ళ మధ్య సందులో కట్టిన మూడవ ఇల్లు అది.

ఇంగ్లీషు చెవిలో ఈ చోటుకంతా ఒకటే పెట్టె. తెలుగు ‘త’ వినబడినా, ‘ట’ వినబడినా రెండూ ఆ పెట్టెలోనే పడతాయి. అందుకే మీలో కొందరికి ‘పాత’, ‘పాట’ ఒక్కలాగే వినిపిస్తాయి. ‘నాది’ అనబోతే ‘నాడి’ వస్తుంది.

తెలుగు చెవిలో రెండు పెట్టెలున్నాయి. ఇంగ్లీషు ‘టెన్’లోని శబ్దం సరిగ్గా ఏ పెట్టెకూ చెందదు గాని, ఎక్కడో ఒకచోట వేయాలి. మన పెద్దలు ‘ట’ పెట్టెలో వేశారు. టేబులు, టికెట్టు, డాక్టరు, రోడ్డు అన్నీ అట్లా వచ్చినవే. ‘త’ పెట్టె ఖాళీగా ఉన్నదా అంటే లేదు. దానిలోకి ఇంగ్లీషులో నాలుకను పళ్ళకు తాకించి గాలి వదిలే శబ్దం వచ్చి చేరింది. థ్యాంక్స్, థర్మామీటరు అని మనం రాసేది దానినే. కనుక మీ తాతయ్య ఇంగ్లీషులో వినిపించే యాస, మీ తెలుగులో వినిపించే యాస వేరువేరు జబ్బులు కావు. ఒకటే అద్దాన్ని అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు చూస్తున్నారు.

ఈ సంగతి తెలియక నొచ్చుకొనేవారు ఉన్నారు. మన తరగతి అమ్మాయి ఒకతె సెలవులకు విజయవాడ వెళ్ళింది. మేనత్తను పిలుస్తూ ‘అత్తా!’ అనబోయి ‘అట్టా!’ అన్నది. అక్కడి వాడుకలో ‘అట్టా’ అంటే ‘ఆ విధంగా’ అని. వెంటనే పిల్లలందరూ ‘ఎట్టా? ఎట్టా?’ అంటూ చుట్టూ చేరి గంతులు వేశారు. వాళ్ళు సరదాకే అన్నారు. కాని ఆ పిల్ల సెలవులు అయ్యేదాకా మేనత్తను ఇంగ్లీషులో ‘ఆంటీ’ అనే పిలిచింది. తిరిగి వచ్చాక కూడా తరగతిలో పెదవి విప్పడానికి రెండు నెలలు పట్టింది. ఇటువైపు, మనవలు నవ్వుతారని బస్సు డ్రైవరును దారి అడగడానికి కూడా మొహమాటపడే తాతలు మన పేటలో ఎందరో ఉన్నారు.

మన పెద్దల ఇంగ్లీషు మాటలను కొంచెం పరిశీలిస్తే ఎంతో వినోదం ఉంది. బస్సు, కప్పు, పెన్ను, కారు. ఇంగ్లీషులో ఈ మాటలు హల్లుతో ఆగిపోతాయి. తెలుగు మాట అట్లా ఆగదు. అమ్మ, ఇల్లు, పని, తోట, ఏ మాటైనా చివర అచ్చు ఉండాలి. లేదా ‘అన్నం’లోలాగా సున్న వంటిది ఉండాలి. అచ్చుతో అంతమయ్యే భాష కనుక తెలుగును అజంత భాష అంటారు. కనుక ఇంగ్లీషు మాటకు చివర ‘ఉ’ చేర్చుకొన్నాం. అంతేకాదు, ముందున్న అచ్చు పొట్టిదైతే తరువాతి హల్లును ఒత్తి పలికాం. ‘కప్పు’లో ఒత్తు ఉంది, ‘కారు’లో లేదు. ఇది ఎవరో పండితుడు కూర్చొని చేసిన నియమం కాదు. బడి మొగం చూడని వారు కూడా తప్పకుండా పాటిస్తారు.

మావోరీ కూడా అజంత భాషే! ఆ భాషలో ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది. రెండు హల్లులు ఒకదానిపై ఒకటి రావు. అందుకే పుకెతాపప మీ అమ్మమ్మకు అంత సులువుగా వచ్చింది. ఇంగ్లీషు మాటలు మావోరీలోకి వెళ్ళినప్పుడు ఏమయ్యాయో చూడండి. మన ‘కప్పు’ అక్కడ ‘కపు’. మన ‘పెన్ను’ అక్కడ ‘పెనె’. మన ‘బస్సు’ అక్కడ ‘పహి’, ఎందుకంటే మావోరీలో ‘బ’ లేదు, ‘స’ లేదు. క్రిస్మస్ పండుగ ‘కిరిహిమెతె’ అయింది. ఈ మాట చూసి నవ్వు వస్తే ఒక్క క్షణం ఆగండి.

మీరు ప్రకృతి వికృతుల పాఠం చదివారు. శ్రీ – సిరి. రాత్రి – రాతిరి. రత్నము – రతనము. యాత్ర – జాతర. కంఠస్థం చేసి అప్పగించారు కూడా. అవి ఎట్లా పుట్టాయో ఎప్పుడైనా ఆలోచించారా? వందల ఏళ్ళ కిందట సంస్కృతపు మాటలు తెలుగువారి చెవిన పడ్డాయి. కొన్ని నేరుగా, కొన్ని ప్రాకృత భాషల మీదుగా వచ్చాయి. అప్పటి తెలుగువారికి సంస్కృతం రెండవ భాష. ‘శ్రీ’లో రెండు హల్లులు కలిసి రావడం చెవికి ఎబ్బెట్టుగా ఉండి నడుమ ఒక అచ్చు పెట్టుకొన్నారు. క్రిస్మస్‌ను ‘కిరిహిమెతె’ చేసిన పద్ధతీ, శ్రీని ‘సిరి’ చేసిన పద్ధతీ ఒక్కటే. భక్తి – బత్తి, అగ్ని – అగ్గి చూడండి. వేరువేరు హల్లులు కలిసినచోట ఒకే హల్లును ఒత్తి పలకడం అలవాటైంది. కథ – కత, భాష – బాస చూడండి. ‘థ’, ‘భ’ వంటి ఒత్తక్షరాలు అచ్చ తెలుగు మాటల్లో దాదాపు లేవు. కనుక గాలి ఊడిపోయింది. హైదరాబాదులో ఆషాఢ మాసంలో జరిగే బోనాల పండుగ పేరు ఇట్లా వచ్చినదే. భోజనం బోనం అయింది. ఇవాళ బోనం అనేవారిని చూసి ‘పాపం, భోజనం అనడం రాదు’ అని ఎవరూ నవ్వరు. అది తెలుగు మాట అయిపోయింది. ‘ఇస్కూలు’ అన్న తాతయ్యకు మాత్రం ఈ గౌరవం ఇంకా దక్కలేదు!

ఇక ఊపిరి సంగతి. సన్నని కాగితం ముక్కను నోటి ముందు వేలాడదీసి ఇంగ్లీషులో ‘పిన్’ అనండి. కాగితం ఎగురుతుంది. ‘స్పిన్’ అనండి. కదలదు, లేదా కొద్దిగానే కదులుతుంది. చూశారా! ఒకే అక్షరం అనుకొన్న దానికి మీ నోట్లో రెండు రూపాలున్నాయి. మాట మొదట వచ్చినప్పుడు గాలితో, ‘స’ తరువాత వచ్చినప్పుడు గాలి లేకుండా పలుకుతున్నారు. ఇంగ్లీషులో ఈ తేడా వల్ల అర్థం మారదు కనుక మీ చెవి దానిని లెక్కచేయలేదు. తెలుగు ‘ప’ అంటే ఆ రెండవ రూపమే. కనుక ‘పులి’ అనవలసి వచ్చినప్పుడు మనసులో ‘స్పు’ అని మొదలుపెట్టి, ‘స్’ను మింగేసి, ‘పులి’ని బయటికి వదలండి. ‘కల’ అనడానికి ‘స్కూల్’లోని ‘క’ను వాడుకోండి. ఈ చిట్కా మన తరగతిలో నిమ్మకాయ పులిహోర అంత త్వరగా చెల్లిపోయింది.

దీర్ఘాల విషయంలో మీకు కొంత అదృష్టం ఉంది. న్యూజిలాండ్ ఇంగ్లీషులో ‘కట్’ అన్న మాటకూ, బండి అని అర్థమిచ్చే ‘కార్ట్’ అన్న మాటకూ ముఖ్యమైన తేడా అచ్చు పొడవే. ‘ర’ను ఇక్కడ పలకరు. కనుక ‘నది’కీ ‘నాది’కీ తేడా మీ చెవికి కొత్త కాదు. మావోరీ పాఠంలోనూ ఈ జాగ్రత్త నేర్పుతారు. ‘కెకె’ అంటే తినే కేకు, ‘కేకే’ అంటే చంక. పుట్టినరోజు నాడు ఈ రెండూ తారుమారు చేయకూడదు!

అసలు చిక్కు ‘ఏ’, ‘ఓ’ల దగ్గర వస్తుంది. తెలుగు ‘ఏ’ మొదలు నుంచి చివరి దాకా ఒక్కచోటే నిలబడి ఉంటుంది. ఇంగ్లీషు ‘ఏ’ మాత్రం ఒకచోట మొదలై ‘య్’ వైపు జారిపోతుంది. అందువల్ల మీరు ‘మేక’ అంటే ‘మెయ్‌క’ అనీ, ‘కోడి’ అంటే ‘కొవ్‌డి’ అనీ వినిపిస్తుంది. ఇటువంటివే దగ్గరి చుట్టాల్లాంటి శబ్దాలు. బొత్తిగా కొత్త శబ్దమైతే చెవి ఆగి, ఇదేమిటని వింటుంది. దగ్గరి శబ్దమైతే, ఆ, ఇది మనదేలే అని ఊరుకొంటుంది.

ఒత్తుల మాట కూడా చెప్పాలి. ‘చెలి’ అంటే స్నేహితురాలు, ‘చెల్లి’ అంటే మీ వెనుక పుట్టినది. ‘కల’ నిద్రలో వచ్చేది, ‘కల్ల’ అంటే అబద్ధం. ఇంగ్లీషులో ఒక మాట లోపల ఇట్లా హల్లును నిలిపి పలకడం ఉండదు. కాని రెండు మాటలు కలిసినచోట ఉంటుంది. ‘బ్లాక్ క్యాట్’ అని గబగబా అనండి. నడుమ ‘క’ దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగి కదిలింది. ఆ ఆగడమే ‘అక్క’లోని ఒత్తు.

మన పెద్దలకు ఇంగ్లీషు అచ్చులతో ఉన్న ఇబ్బంది, ముఖ్యంగా ఈ దేశపు అచ్చులతో ఉన్న ఇబ్బంది, ఇంకో కథ. న్యూజిలాండులో ‘పెన్’ అనే మాటలోని అచ్చును నాలుక బాగా పైకెత్తి పలుకుతారు. అది తెలుగు చెవికి ‘పిన్’ లాగా తగులుతుంది. కొత్తగా వచ్చిన ఒక బామ్మగారిని మనవరాలు పెన్ను ఇమ్మని ఇంగ్లీషులో అడిగితే, ఆవిడ గాజులకు తగిలించుకొన్న పిన్నీసు తీసి ఇచ్చారు. తప్పు ఎవరిదీ కాదు. బామ్మగారి జల్లెడలో ‘ఎ’ కన్నం ఒకచోట ఉంది, మనవరాలి ‘ఎ’ వచ్చి ‘ఇ’ కన్నంలో పడింది.

జల్లెడ ఎంత గట్టిదంటే, ఒక్కొక్కసారి లిపి కూడా దానికి సాయం చేస్తుంది. పడమర దిక్కుకు ఇంగ్లీషు మాట ‘వెస్ట్’. లోపల వేసుకొనే బనియనుకు ఇంగ్లీషు మాట కూడా ‘వెస్ట్’. మీరు ఈ రెండింటినీ వేరుగా పలుకుతారు. ఒకదానికి పెదవులు గుండ్రంగా చుడతారు, రెండవదానికి పై పళ్ళను కింది పెదవికి ఆనిస్తారు. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒకటే, ఎందుకంటే మనకున్నది ఒకే ‘వ’. అట్లాగని మన అక్షరమాలలో మన శబ్దాలన్నీ ఉన్నాయనుకోకండి. ‘వాడు వచ్చాడు’ అని మామూలుగా మాట్లాడినట్టు అనండి. ‘చ్చా’లో ఉన్నది ‘వాడు’లోని ‘ఆ’యేనా? కాదు. ఇంగ్లీషు ‘క్యాట్’లోని అచ్చుకు దగ్గరగా, దానికన్న పొడవుగా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి భాషా శాస్త్రజ్ఞులు దీనిని తెలుగులోని వేరే అచ్చుగానే గుర్తించారు. అక్షరం మాత్రం లేదు. బ్యాంకు, క్యాలెండరు అని ‘య’ వత్తు పెట్టి రాసుకొంటున్నది ఇటువంటి అచ్చు కోసమే.

ఇంతవరకు మొదటి భాష రెండవ భాషను ఎట్లా మారుస్తుందో చూశాం. రెండవ భాష వచ్చి మొదటి భాషను మార్చడం కూడా జరుగుతుంది. 1946 నుంచి 1948 వరకు న్యూజిలాండ్ రేడియో వారి సంచార బృందం ఒకటి ఊరూరా తిరిగి వృద్ధుల మాటలను రికార్డు చేసింది. వారిలో 19వ శతాబ్దంలో పుట్టిన మావోరీ పెద్దలు కూడా ఉన్నారు. ఆ గొంతులను ఇటీవలి మావోరీల గొంతులతో పోల్చి పరిశోధకులు ఒక విషయం కనిపెట్టారు. పాతతరం వారి ‘ప’, ‘త’, ‘క’లలో గాలి తక్కువ. తరం మారినకొద్దీ ఇంగ్లీషులోలాగా గాలి ఎక్కువైంది. అంటే మీ అమ్మమ్మ అనే ‘పుకెతాపప’లోని ‘ప’, ఆ పాత పెద్దల ‘ప’కు దగ్గరగా ఉంటుందన్నమాట. తెలుగులో ‘ఫ’ చూడండి. ‘ఫలం’ అన్నప్పుడు రెండు పెదవులూ కలిపి గాలి వదలాలి. ‘ఫ్యాను’, ‘ఫోను’ వచ్చి కూర్చొన్నాక, మనలో చాలామంది ‘ఫలం’ను కూడా పళ్ళు పెదవికి ఆనించే పలుకుతున్నాం. పండితులు కూడా దీనికి మినహాయింపు కాదు.

మన పేటలో ఇంకో రకం జల్లెడ కూడా ఉంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి ఓడల్లో ఎందరో తెలుగువారినీ తమిళులనూ చెరకు తోటల్లో పనికి ఫిజీ దీవులకు తీసుకొనిపోయారు. అక్కడ వారి పిల్లలకు, మనవలకు ఫిజీ హిందీయే ఇంటి భాష అయింది. 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాట్లు జరిగిన తరువాత ఎన్నో భారతీయ కుటుంబాలు ఆక్లండుకు తరలివచ్చాయి. వారిలో కొందరు మౌంట్ రాస్కిల్‌లో స్థిరపడ్డారు. అటువంటి ఇంటి పిల్లలు తెలుగు నేర్చుకోవడానికి వస్తే ఏమవుతుంది? వారికి తెలుగు మాట ఒక్కటి రాకపోయినా ‘పాత’, ‘పాట’ వేరువేరుగా వినిపిస్తాయి, ఎందుకంటే హిందీలోనూ ఆ తేడా ఉంది. ‘కల’, ‘కళ’ దగ్గర మాత్రం తికమక పడతారు, ఎందుకంటే వారి హిందీలో ‘ళ’ లేదు. ఒకే బెంచీ మీద కూర్చొన్న ఇద్దరు పిల్లలు ఒకే తెలుగు మాటను వేరువేరు చోట్ల తప్పు పలుకుతారు.

మరి ఒకసారి అల్లుకొన్న జల్లెడను మళ్ళీ అల్లుకోవచ్చా? వెర్కర్, టీస్ ఇద్దరూ ఇంకో పని కూడా చేశారు. ఇంగ్లీషే మాట్లాడుతూ పెరిగి, కొత్తగా హిందీ నేర్చుకోవడానికి వచ్చిన పెద్ద విద్యార్థులను పరీక్షించారు. వారిలో కొందరు పసితనంలో ఒకటి రెండేళ్ళు హిందీ విని, ఆ తరువాత మరిచిపోయినవారు. అటువంటివారు ‘త’, ‘ట’ల తేడాను మిగతావారి కన్న ఎంతో తేలికగా పట్టుకొన్నారు. మాటలు పోయినా చెవి గుర్తుంచుకొన్నది. 2002లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెలువడిన మరొక పరిశోధన కూడా ఇట్లాంటిదే చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో, చుట్టుపక్కల స్పానిష్ భాష వింటూ పెరిగి తాము మాట్లాడనివారు, పెద్దయ్యాక ఆ భాష నేర్చుకొంటే, వారి ఉచ్చారణ కొత్తగా నేర్చేవారి ఉచ్చారణ కన్న మేలుగా ఉంది.

మీలో కొందరు ‘నాకు తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడడం రాదు’ అని తల వంచుకొని చెబుతారు. అది తల వంచుకోవలసిన మాట కాదని ఈ పరిశోధనలు చెబుతున్నాయి. పొయ్యి దగ్గర అమ్మ, ఫోనులో నాన్న, ఉయ్యాల పక్కన నాయనమ్మ మాట్లాడినదంతా మీ చెవిలో ఎక్కడో ఉంది.

అయితే ఆ వినడం ఎట్లాంటిదన్నది కూడా ముఖ్యమే. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాషను వినిపించి చూశారు. కొందరి ఎదుట చైనా భాష మాట్లాడే మనిషే కూర్చొని, బొమ్మలు చూపుతూ, కథలు చదువుతూ పన్నెండుసార్లు మాట్లాడారు. ఆ పిల్లలు చైనా శబ్దాల తేడాను పట్టుకొన్నారు. మరికొందరికి అదే మనిషి మాటలను టెలివిజన్ తెర మీద అన్నిసార్లే చూపించారు. వారికి ఏమీ అంటలేదు. మీ తమ్ముడి ముందు తెలుగు పాటల వీడియో పెట్టి వదిలేస్తే సరిపోతుందనుకొనే అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పండి. వాడితో ఎవరో ఒకరు కూర్చొని మాట్లాడాలి.

పెద్దవారికి కూడా దారి ఉంది. జపాన్ వారి చెవికి ఇంగ్లీషు ‘ర’, ‘ల’లు ఒక్కటిగానే వినిపిస్తాయని మీరు వినే ఉంటారు. 1991లో అమెరికాలో ఒక పరిశోధక బృందం జపాన్ విద్యార్థులకు ఆ శబ్దాలున్న ఎన్నో మాటలను అనేకమంది గొంతులతో వినిపించి సాధన చేయించింది. మూడు వారాలలోనే వారి చెవి మెరుగుపడింది. ఒకే గొంతు కన్న పలు గొంతులు వినడం మేలని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది. కనుక ‘పాత పాట పాడు’ అన్న మాటను మాస్టారి నోట మాత్రమే వినకండి. నాన్న చేత అనిపించండి, పక్కింటి పిన్నిగారి చేత అనిపించండి. కళ్ళు మూసుకొని, వాళ్ళు ‘పాత’ అన్నారో ‘పాట’ అన్నారో చెప్పే ఆట ఆడండి. ముందు చెవికి దారి దొరికితే నాలుక వెనుకనే వస్తుంది.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాం. అది 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన మీకు తెలుసు. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండగా, చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల భాష నేర్చుకోవాలనుకొన్నారు. ఆ భాషకు అప్పటికి పుస్తకాలు లేవు. తెలుగు కూడా తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకొని, ఆయన మాటలు వింటూ నేర్చుకొన్నారు. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం అచ్చువేయించారు. ఆ భాషలో గొంతును ఒక్కసారి బిగించి ఊపిరిని తుంచేసే శబ్దం ఒకటి ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు. పసితనం దాటిన ఎన్నో ఏళ్ళకు ఒక తెలుగు చెవి దానిని విని పట్టుకొన్నది.

ఆ శబ్దం ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలని ఉందా? చేతిలోని పెన్సిలు జారి కింద పడినప్పుడు మీరు ఇంగ్లీషులో ‘అ–ఓ!’ అంటారు చూడండి, ఆ రెండు అచ్చుల నడుమ గొంతు చటుక్కున మూసుకొని తెరుచుకొంటుంది. అదే.